గులాబీ వెనక మనిషి

పోయిన వారం మీరు వెళ్ళేసరికి నేను మా అత్తవారి నడిమిగదిలో, రెండు కళ్ళకీ చిల్లుల ప్లాస్టిక్ డిప్పలు అంటించుకుని వెల్లకిలా పడుకుని ఉన్నాను. అప్పటికి మీకు తెలిసినదంతా ఇంతే: సోడాబుడ్డి కళ్ళద్దాల అశ్వినికి పెళ్ళయింది. పీటల మీద అద్దాలు పెట్టుకుంటే ఫొటోలు పాడవుతాయని మా అమ్మ లాగేసుకుంది. అలా నా పెళ్ళి నేనే మసగ్గా చూసుకున్నానని తెలిసి మా ఆయన ఉదయభాస్కర్ పడీపడీ నవ్వి, "అయితే నన్ను కూడా చూడకుండానే చేసేసుకున్నావన్నమాట" అంటూ కాకినాడ తీసుకెళ్ళి లేజర్ ఆపరేషన్ చేయించారు.

ఆ తర్వాతే మొదలైంది అసలు సంగతి. మధ్యాహ్నం ఇల్లంతా కునుకు తీసే వేళ ఎవరో వచ్చి నా కళ్ళల్లో చుక్కల మందు వేసి వెళ్తున్నారు. ముఖం మసకలో ఆనదు, బొటనవేలు మాత్రం గరుగ్గా ఉంటుంది. డిప్ప ఎత్తి, మందు వేసి, మళ్ళీ అంటించి, వెళ్ళేముందు ఒకే మాట అంటారు: "ఏం కాదమ్మా." అత్తయ్యగారిని అడిగితే "మధ్యాహ్నం ఎవరొచ్చారే? నేను నిద్రపోతున్నాగా" అన్నారు. కానీ ఆ చెయ్యి నాకు తెలుసు. మా ఆయన మూడు ముళ్ళూ వేస్తున్నప్పుడు నా పూలజడ ఎత్తి పట్టుకున్నది అదే చెయ్యి. గట్టిమేళం హోరులో నా చెవి దగ్గర పలికింది కూడా అదే మాట.

మర్నాడు కాకినాడ చెకప్‌కి వెళ్ళాం. డాక్టరుగారు డిప్పలు తీసి, పగలు ఇక అక్కర్లేదు, పడుకున్నప్పుడు మాత్రం పెట్టుకోండి, కళ్ళు నులమొద్దు, తలస్నానం వద్దు, కాటుక వద్దు అన్నారు. గోడ మీది అట్టలో చిట్టచివరి వరస, చీమల్లాంటి అక్షరాలు, గడగడా చదివేశాను. మా ఆయన చప్పట్లు కొట్టారు. నర్సు విసుక్కుంది.

బస్సులో కిటికీ సీటు నాదే.

"ఏవండీ, కొబ్బరిచెట్టుకి ఆకులు విడివిడిగా ఉన్నాయండీ!"

"మరి ఇన్నాళ్ళూ ఏమున్నాయనుకున్నావ్?"

"పైన పచ్చగా ఏదో ముద్ద ఉంటుందనుకున్నాను."

"మెల్లిగా అనవే, బస్సంతా నవ్వుతోంది."

నవ్వనీ. కరప దాటేదాకా బోర్డులన్నీ పైకే చదివాను. ఎరువులు, పురుగుమందులు. ఇచ్చట ప్రకటనలు అంటించరాదు. దాని మీదే అంటించిన సినిమా పోస్టరు, అందులో హీరో మీసం. కాలవలో బాతుల ముక్కులు పసుపుపచ్చగా ఉన్నాయి. అన్నిటికంటే దగ్గరగా, నా పక్కనే, మా ఆయన గడ్డం కింద చిన్న తెల్లటి గాటు. పెళ్ళయి ఇన్నాళ్ళయినా నేను చూడని గాటు! వేలుతో తడిమాను.

"ఇదేంటండీ?"

"ఇంటర్లో కాలవలో దూకితే రేవు మెట్టు తగిలింది. రక్తం కారుతుంటే వదిన తన కొంగు చింపి..." అని టక్కున ఆగిపోయారు.

వదినంటే ఆయన అన్నగారి భార్య. అన్నగారు గణేష్‌బాబు రావులపాలెం రోడ్డు మీద లారీ కింద పోయారని, పిల్లల్లేని ఆ తోడికోడలు పుట్టింటికి, కడియపులంక వెళ్ళిపోయిందని పెళ్ళిమాటల్లోనే చెప్పారు. ఆ తర్వాత ఆ ఇంట్లో ఆమె పేరెత్తిన వాళ్ళు లేరు. ఆ పేరు లోవలక్ష్మి అని కూడా నాకు మా అమ్మే చెప్పింది.

"కొంగు చింపి?" అన్నాను.

"ఏం లేదు. కట్టు కట్టింది" అని కిటికీలోంచి బయటికి చూశారు. నేను మళ్ళీ బాతుల్లో పడిపోయాను.

ఇంటికొచ్చేసరికి సందెవేళ. వీధి దీపాలు వెలిగాయి. ఆపరేషనయిన కళ్ళకి కొన్నాళ్ళు దీపాల చుట్టూ గుండ్రాలు కనిపిస్తాయని డాక్టరుగారు ముందే చెప్పారు. కానీ అవి ఇంత బాగుంటాయని చెప్పలేదు! ప్రతి బల్బుకీ ఇంద్రధనుస్సు రంగుల ఉంగరం. తులసికోట దగ్గర ప్రమిదకి కూడా ఒకటి. గుమ్మంలోనే నిలబడి చూస్తుంటే లోపల్నుంచి కేక వినపడింది.

"కొత్త కళ్ళొచ్చిన మరదలు పిల్ల ఏదీ? మొదటి బొమ్మ నేను తెచ్చిందే చూడాలి!"

మా ఆడపడుచు దేవిశ్రీ. మండపేట నుంచి ఒక చేత్తో తాపేశ్వరం కాజాల డబ్బా, ఇంకో చేత్తో మా పెళ్ళి క్యాసెట్టు పట్టుకొచ్చింది. మా ఆయనకి అక్క, నాకు వదిన. నోరు విప్పితే నవ్వులే.

అత్తయ్యగారు పాపాయమ్మగారు వరండా గుమ్మం దగ్గర చిక్కుడుకాయలు తుంపుతున్నారు. "ఇప్పుడెందుకే ఆ క్యాసెట్టు? డాక్టరు టీవీ చూడొద్దన్నాడు" అన్నారు.

"కాసేపు దూరంగా కూర్చుని చూడొచ్చన్నారు అత్తయ్యా."

"పోనీలే అమ్మా, చూడనీ. నువ్వు భయపడేదేం కనపడదులే" అంది వదిన. ఆ మాట నాకప్పుడు అర్థం కాలేదు. కాజా కొరికే హడావిడిలో ఉన్నాను.

తెర మీద రెండు హంసలు ఈదుకుంటూ వచ్చి మూతులు కలిపాయి. వాటి మధ్యలోంచి మా పేర్లు గిరగిరా తిరుగుతూ వచ్చాయి. వీడియో బంగార్రాజు తన దగ్గరున్న మిక్సింగు విద్యలన్నీ మా పెళ్ళి మీదే ప్రయోగించాడు. నేను హృదయంలోంచి పుట్టాను, మా ఆయన కలువపువ్వులోంచి లేచారు. అందరం పొట్టలు పట్టుకుని నవ్వాం.

"అదిగో చూడు," అంది వదిన. "పెద్దమామయ్యకి దణ్ణం పెట్టమంటే కూలర్‌కి పెడుతున్నావ్!"

నిజమే. ఎంత భక్తిగా పెట్టానో. మా ఆయన నవ్వీ నవ్వీ కళ్ళు తుడుచుకున్నారు. తర్వాత మేనమామ నన్ను బుట్టలో మోసుకొచ్చే ఘట్టం దగ్గర మాత్రం లేచి, "మోటారు ఆపొస్తాను" అని పెరట్లోకి వెళ్ళిపోయారు.

అప్పుడొచ్చింది గులాబీ.

క్యాబేజీ అంత గులాబీ. తెర మీద, నా వెనక, సరిగ్గా ఒకళ్ళ ముఖం ఉండాల్సిన చోట విచ్చుకుంది. "భలే ఉందే పువ్వు" అని నవ్వాను. ఇంకెవరూ నవ్వలేదు. బంగార్రాజు మిగతా పువ్వులన్నీ పైనుంచి రాలి కిందికి పోతాయి. ఇది రాలదు, పోదు. నేను పీటల వైపు నడిస్తే నాతోపాటు నడిచింది. నేను కూర్చుంటే కిందికి వంగింది. పంతులుగారు మంగళసూత్రం అందిస్తుంటే గులాబీ నా భుజం మీదికి వాలింది.

నోట్లో కాజా అలాగే ఉండిపోయింది.

రిమోటు తీసుకుని వెనక్కి తిప్పాను. మళ్ళీ చూశాను. మా వదిన దేవిశ్రీ తెర మీద ఎడమవైపు ఉంది. ఎర్రంచు గంధం రంగు పట్టుచీరలో, కొబ్బరిబొండం పట్టుకుని, అయోమయంగా దిక్కులు చూస్తోంది. గులాబీ కుడివైపు. దాని కిందనుంచి ఒక చెయ్యి వచ్చి నా పూలజడని ఎత్తి పట్టుకుంది. బంగార్రాజు ముఖాన్ని కప్పాడు గాని చేతిని వదిలేశాడు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళందరి చేతులకీ మోచేతిదాకా గాజులు. ఆ చేతికి ఒక్కటి లేదు.

"వదినా, నా జడ పట్టుకున్నది మీరు కాదా?"

"నేనే. ఆడపడుచుని నేనుండగా ఇంకెవరు పట్టుకుంటారు?"

"మీరు ఇటున్నారు వదినా, బొండంతో. అటున్న చేతికి గాజుల్లేవు."

చిక్కుళ్ళు తుంపే చప్పుడు ఆగిపోయింది.

"ఆపెయ్ అశ్వినీ, కళ్ళు నొప్పెడతాయి" అని వదిన రిమోటు కోసం చెయ్యి చాపింది. నేనివ్వలేదు. ఇన్నాళ్ళూ ఎవరూ చూపించని ఆ నిమిషం ఫొటోలు గుర్తొచ్చాయి. ఆల్బమ్‌లో అవి ఎందుకు లేవంటే అప్పుడే రీలు అయిపోయిందన్నారు.

"అత్తయ్యా, ఆ చెయ్యి ఎవరిది?"

"నన్నడుగుతావేంటి?" అన్నారు అత్తయ్యగారు. గొంతు పైకి లేచింది. "పట్టుకున్నదానివి నువ్వే కదా!"

"నేనా?"

"అమ్మా, ఊరుకో" అంది వదిన.

"ఎందుకూరుకోవాలే? తేవద్దని చెప్పానా లేదా ఆ క్యాసెట్టు? పువ్వు పెట్టించాం, కనపడదు అన్నావు. చూసింది కదా! చూడ్డానికే చేయించుకుంది కదా కళ్ళు!" చిక్కుళ్ళ చేట పక్కకి నెట్టి నా వైపు తిరిగారు. "మీ అమ్మ నీకేం చెప్పింది? గంధం రంగు చీర మీ ఆడపడుచు, ఆవిడ చెయ్యి వదలకు అని చెప్పింది. బుట్టలోంచి దిగగానే నీ కాలు తడబడింది. గంధం రంగు కనిపించింది, పట్టేసుకున్నావు. అది దేవి కాదమ్మా. పూలబుట్ట అందించి వెనక్కి వెళ్ళిపోతున్న లోవలక్ష్మి."

"వదిన చీరకి ఎర్రంచు ఉంది కదా..." అని గొణిగాను. గొణుగుతూనే తెలిసింది. అంత అంచు నాకు ఆ రోజు కనిపించలేదు. నాకు కనిపించింది రంగు మాత్రమే.

"పసుపూ కుంకం పోయిన మనిషి. నా రెండో కొడుకు మూడు ముళ్ళ దగ్గర," అన్నారు అత్తయ్యగారు. కోపం ఉన్నట్టుండి సన్నబడిపోయింది. "అది నా పెద్దకొడుకుని మింగిందని నేనెప్పుడూ అనలేదు. లారీ మింగింది. కానీ నాకు మిగిలింది వీడొక్కడే. ఆ చెయ్యి అక్కడ చూసేసరికి నా గుండె ఆగిపోయింది. క్యాసెట్టులో అది లేకుండా కత్తిరించి పారెయ్యరా బంగార్రాజూ అంటే, అది కత్తిరిస్తే మూడు ముళ్ళూ పోతాయండి పాపాయమ్మగారూ అన్నాడు. అందుకని పువ్వు."

"విడిపించుకుని వెళ్ళిపోవచ్చు కదా ఆవిడ?"

"ఎలా విడిపించుకుంటుంది, నీ పట్టు ఏం పట్టు! అంతమందిలో పెళ్ళికూతురి చెయ్యి విదిలించి కొడుతుందా? 'నేను కాదమ్మా, నేను కాదమ్మా' అని నీ చెవిలో మొత్తుకుంటూనే ఉంది. నువ్వేమో నవ్వుకుంటూ తలూపావు. కూర్చున్నావు. దాన్నీ వంచావు. పంతులు జడ ఎత్తండమ్మా అన్నాడు. ఎత్తింది."

"ఏమందీ?" అన్నాను.

"ఏంటి?"

"నా చెవిలో ఏమంది?"

"నేను కాదమ్మా అంది."

నాకు భయమేస్తే గుర్తు తెచ్చుకునే మాట ఒకటుంది. అత్తవారింట్లో మొదటి రోజు, ఆపరేషన్ బల్ల మీద, ఎర్రటి చుక్కని చూస్తూ ఉండమన్నప్పుడు, లోపల్లోపల అదే అనుకున్నాను. నా పెళ్ళిలో ఎవరో నాకిచ్చిన మాట. ఏం కాదమ్మా. బాజాల హోరు ఆవిడ మాటలో సగం మింగేసి మిగతా సగం నా చెవిలో వేస్తే, దాన్ని దీవెనగా దాచుకున్నాను. ఆవిడ నన్ను దీవించలేదు. వదలమని బతిమాలుకుంది.

"తర్వాత?" అన్నాను.

"తర్వాతేముంది? భోజనాల దగ్గర నేను నాలుగు మాటలన్నాను."

"నాలుగు కాదమ్మా."

మా ఆయన. పెరటి గుమ్మంలో, తడి కాళ్ళతో. ఎంతసేపట్నుంచి నిలబడ్డారో.

"రమ్మన్నది నేనే అశ్వినీ," అన్నారు. నా వైపే చూస్తూ, వాళ్ళమ్మని చూడకుండా. "రానంది. నా పెళ్ళికి నువ్వు రాకపోతే ఎలా వదినా అన్నాను. దూరంగా నిలబడి చూసి వెళ్ళిపోతానని ఒప్పుకుంది. నీ పూలజడ తనే కట్టింది. వాళ్ళ నర్సరీ పువ్వులతో."

"ఇప్పుడెక్కడున్నారు ఆవిడ?"

టీవీలో నేను మా ఆయన నెత్తిన తలంబ్రాలు పోస్తున్నాను, పక్కన గులాబీ లేదు. అప్పటికే వెళ్ళిపోయిందన్నమాట.

చివరికి వదినే చెప్పింది, నవ్వు లేని గొంతుతో. "పెళ్ళి నుంచి వెళ్ళిన మనిషి కడియపులంక చేరలేదు. కోటిలింగాల రేవు మెట్ల మీద చెప్పులు దొరికాయి. మీ రాజమండ్రిలోనే, పెళ్ళయిన ఊళ్ళోనే. పడవల వాళ్ళు వెతికారు, ఆదివారాలన్నీ వీడూ వెతికాడు. దొరకలేదు."

"దొరకలేదంటే పోయినట్టేనా?" అన్నారు మా ఆయన.

"గోదారి తీసుకున్నవాళ్ళని అన్నిసార్లూ తిరిగివ్వదురా" అన్నారు అత్తయ్యగారు. ఏడవలేదు. ఒక చిక్కుడుకాయ తీసి, తుంపకుండా అలాగే పట్టుకున్నారు.

నేను గదులు సర్దుకుంటూ, కొత్త కర్టెన్లకి రంగులు ఎంచుకుంటూ తిరుగుతున్న రోజుల్లో మా ఆయన పడవలో గోదారి అంతా వెతుకుతున్నారు. ఆఫీసు పనుందని చెప్పిన ఆదివారాలన్నీ అవే. "నాకెందుకు చెప్పలేదండీ?"

"చెబితే, నీ చెయ్యి వల్లే అనుకుంటావని."

అనుకున్నాను. అప్పుడే, అక్కడే, నా కుడి చెయ్యి వంక చూసుకుని. గోరింటాకు ఎప్పుడో వెలిసిపోయింది. ఇప్పుడు ఆ చేతి మీద ప్రతి గీతా కనిపిస్తోంది.

అప్పుడు అడిగాను. "మరి మధ్యాహ్నం పూట నా కళ్ళల్లో మందు వేస్తున్నది ఎవరు?"

"నువ్వే వేసుకుంటున్నావు కదా" అన్నారు అత్తయ్యగారు.

"అమ్మ వేస్తోంది కదా" అన్నారు మా ఆయన.

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. అంతా చెప్పాను. చప్పుడు లేని అడుగులు, డిప్ప ఎత్తే తీరు, గరుకు బొటనవేలు, ఆ మాట. వదిన కాజాల డబ్బా మూత పెట్టేసింది. అత్తయ్యగారు లేచి తిన్నగా దేవుడి గది వైపు నడుస్తూ, "ఎల్లుండే అన్నవరం వెళ్ళి వ్రతం చేయించుకోవాలి" అని తనలో తను అనుకున్నారు.

మా ఆయన మాత్రం నా దగ్గరకొచ్చి నేల మీద కూర్చున్నారు.

"బొటనవేలు ఎక్కడ గరుకు? పైనా, లోపలా?"

"లోపలి వైపు. గీతలు గీతలుగా."

ఆయన తన బొటనవేలు చూపించి, లోపలి కణుపు మీద గోరుతో గీత గీశారు. "ఇక్కడా?"

"అక్కడే."

"మొక్కలకి అంట్లు కట్టేటప్పుడు కత్తి ఆనేది అక్కడే" అన్నారు. "నర్సరీలో పనిచేసిన ప్రతి మనిషికీ ఉంటాయి." ఆయన కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. రాలకుండా రెప్ప అంచున ఎలా నిలబడ్డాయో మొదటిసారి చూశాను. అవి ఆశవో, భయానివో మాత్రం ఏ లేజరూ చూపించలేదు.

మర్నాడు ఆయన సెలవు పెడతానన్నారు. నేను వద్దన్నాను. "మీరుంటే రారు. నా దగ్గరికే వస్తున్నారు, నన్నే చూడనివ్వండి."

అన్నం తిన్నాక అత్తయ్యగారు స్వయంగా వెళ్ళి పెరటి తలుపుకి గొళ్ళెం పెట్టారు. రెండుసార్లు లాగి చూశారు. నా పక్కనే చాప వేసుకుని, ఇవాళ నిద్రపోనని చెప్పి, విసనకర్ర ఊపుతూ ఊపుతూ నిద్రపోయారు.

నేను చప్పుడు కాకుండా లేచాను. మధ్యాహ్నపు ఎండలో పెరటి తలుపు చెక్క మీద చారలు, గొళ్ళేనికి పట్టిన తుప్పు, తలుపు సందులోంచి కాలవ మెరుపు, అన్నీ వేరువేరుగా కనిపిస్తున్నాయి. వేరే రోజయితే ముచ్చటపడేదాన్ని. గోదారి తీసుకున్నవాళ్ళకి గొళ్ళెం అడ్డం కాదు. బతికున్నవాళ్ళకే అడ్డం. అందుకని తీసేశాను.

వచ్చి పడుకుని డిప్పలు పెట్టుకున్నాను. మందు సీసా స్టూలు మీద, చేతికందేంత దూరంలో. గడియారం, అత్తయ్యగారి గురక, కాలవగట్టు మీద ఎక్కడో సైకిలు బెల్లు. తర్వాత పెరటి తలుపు కిర్రుమంది. ఏళ్ళ తరబడి ఆ తలుపు తీసిన మనిషికే తెలుస్తుంది, ఎక్కడ నొక్కి పట్టుకుంటే అది అంతకంటే ఎక్కువ మొరాయించదో.

అడుగులు చాపని చుట్టి వచ్చాయి. తడి మట్టి వాసన. ఎడమ డిప్ప లేచింది. గరుకు బొటనవేలు కింది రెప్పని మెల్లగా లాగింది. చల్లగా ఒక చుక్క పడింది. కన్నంతా నీళ్ళ కింద నుంచి చూస్తున్నట్టు మసకబారిపోయింది.

నేను ఆ చెయ్యి పట్టేసుకున్నాను. పెళ్ళిరోజు పట్టుకున్నట్టే, అంతే గట్టిగా. వెచ్చగా ఉంది. మణికట్టు దగ్గర నాడి గబగబా కొట్టుకుంటోంది. విదిలించుకోలేదు.

"అక్కా," అన్నాను. "లోవలక్ష్మక్కా. నువ్వే కదూ?"

ఈసారి బాజాలు లేవు, మంత్రాలు లేవు, జనం లేరు. కింద అత్తయ్యగారి గురక మాత్రం, ఎప్పుడాగిందో గాని, ఆగిపోయి ఉంది. ఆ నిశ్శబ్దంలో నా చెవి దగ్గర పెళ్ళిరోజు గొంతే ఒక్కొక్క అక్షరం విడివిడిగా పలికింది.

"నేను కాదమ్మా."

చెయ్యి వదలకుండా, రెండో చేత్తో కుడి కంటి డిప్ప పీకేసి, కళ్ళు తెరిచాను.